బొమ్మ రాని బిడ్డ ఉండడు
(సంఘం వార్షిక సభలో ఒక డ్రాయింగు మాస్టారు చేసిన ప్రసంగం)



పిల్లల చదువు గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు కోరారు. లెక్కలు, ఇంగ్లీషు గురించి చెప్పేవారు చాలామంది ఉన్నారు. నేను డ్రాయింగు మాస్టర్ని. నాకు తెలిసిన సంగతే మనవి చేస్తాను.

మన బడుల్లో డ్రాయింగు పీరియడు ఎలా నడుస్తుంది? మాస్టరు బోర్డు మీద మామిడికాయ వేస్తాడు. పిల్లలు చూసి దించుతారు. అచ్చు గుద్దినట్టు దించినవాడికి శభాష్. తక్కినవాళ్లకు “నీకు బొమ్మలు రావురా” అన్న ముద్ర. ఇక చూపు తక్కువైన పిల్లవాడినీ, చెయ్యి స్వాధీనంలో లేని అమ్మాయినీ “నువ్వు ఊరికే కూర్చోమ్మా” అంటాం. జాలిపడ్డామనుకుంటాం. నిజానికి ఆ బిడ్డను తరగతిలోనే ఉంచి వెలివేశామన్నమాట.

బిడ్డకు పని కుదరకపోతే పనిని మార్చాలి. ముప్పూటలా నేను నమ్మేది ఇదే.

ఇది కొత్త మాట కాదు. ఖత్తాతీ నేర్చినవారికి బాగ్దాదు వజీరు ఇబ్న్ ముఖ్లా పేరు తెలుసు. కలం మొనతో పెట్టిన చుక్కను, అంటే నుఖ్తాను, కొలతగా తీసుకొని అక్షరాలకు లెక్క కట్టిన మహానుభావుడు. రాజకీయ కక్షల్లో ఆయన కుడి చెయ్యి నరికించారు. ఆ మొండి చేతికే కలం కట్టుకొని రాశారని చరిత్రకారులు చెబుతారు. క్రీ.శ. 940లో చెరసాలలోనే కన్నుమూశారు.

మన దేశానికే వద్దాం. 1904లో బెంగాలులో పుట్టిన వినోద్ బిహారీ ముఖర్జీ గారికి చిన్ననాటి నుంచి ఒక కన్ను కనిపించదు, రెండోదానికి చూపు బాగా తక్కువ. అయినా శాంతినికేతన్ కళాభవన్‌లో 1919లో చేర్చుకున్నారు. నందలాల్ బోస్ గారి దగ్గర నేర్చుకొని, తరువాత అక్కడే గురువయ్యారు. 1950లలో కంటి ఆపరేషన్ తరువాత ఉన్న చూపూ పోయింది. అప్పుడు కాగితాలు కత్తిరించి అతికించారు, పలకలతో గోడ చిత్రం కూర్చారు. ఆయన శిష్యుడు సత్యజిత్ రే 1972లో ఆయన మీద సినిమా తీశారు. అలాగే చిన్నతనంలోనే వినికిడి పోయిన సతీశ్ గుజ్రాల్‌ను లాహోరులోని మేయో కళాశాల చేర్చుకుంది. తరువాత ఆయన చిత్రకారుడు కావడమే గాక, ఢిల్లీలో బెల్జియం రాయబార కార్యాలయ భవనానికి నమూనా వేశారు. ఇద్దరికీ ప్రతిభ ఉంది, నిజమే. కానీ “రా, కూర్చో” అన్న బడి దొరక్కపోతే ఆ ప్రతిభ ఎవరికి తెలిసేది?

దీనికి డబ్బు కావాలా అంటే, పెద్దగా అక్కర్లేదు. గీత మీద జిగురు రాసి లావుపాటి దారం అతికిస్తే చూపు లేని బిడ్డ వేలితో తడిమి ఆకారం తెలుసుకుంటాడు. పట్టు చాలని చేతికి కుంచె కాడకు గుడ్డపీలిక చుడితే చాలు. రంగులు కొనలేనివారికి బొగ్గు, పసుపు, ఇటుక పొడి ఉన్నాయి. బంకమన్ను అందరిదీను.

కొందరు తల్లిదండ్రులు ప్రాణుల బొమ్మలు వేయించవద్దంటారు. ఆ బిడ్డనూ వెనక బెంచీకి పంపనక్కర్లేదు. కంపాసుతో వృత్తం గీయించండి. కంపాసు కదపకుండా అదే కొలతతో వృత్తం చుట్టూ గుర్తులు పెడితే సరిగ్గా ఆరు వస్తాయి. ఒకటి విడిచి ఒకటి కలిపితే ఆరు మొనల నక్షత్రం. లెక్కల పాఠం కూడా అయిపోయె! గోల్కొండ కుతుబ్‌షాహీ సమాధుల మీది గచ్చు పని, బిద్రీ పాత్రల మీది వెండి తీగలు చూపించండి. మన ఇళ్లలో అమ్మలు కుట్టే జర్దోజీ పువ్వు కూడా చిత్రకళే.

వికలాంగ బాలలు తోటివారితో కలిసి చదవాలని 2016 చట్టం చెప్పింది. చట్టం బడి తలుపు వరకు తెస్తుంది. లోపల పీట వేయవలసింది మనం.

చివరిగా సంఘం పెద్దలకు రెండు విన్నపాలు. వచ్చే ఏడాది చిత్రలేఖనం పోటీలో ఫస్టు, సెకండు, థర్డు అంటూ మూడు బొమ్మలే తగిలించకుండా, పాల్గొన్న ప్రతి బిడ్డ పనినీ గోడకు పెట్టండి. వైకల్యం ఉందని ఇంట్లోనే ఉంచిన పిల్లలెవరైనా మన వీధుల్లో ఉంటే, ఇంటికి వెళ్లి పిలుచుకు రండి. ఆ రోజు నేను మట్టి, దారం, జిగురు పట్టుకొని ముందే వచ్చి కూర్చుంటాను.