శిష్యుడు ఒక్కనాట తయారు కాడు
(మన తెలుగువారి సంఘపు వార సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



క్రైస్తవ సంఘములలో పురుషులకు శిష్యత్వమునందును, నాయకత్వమునందును దీర్ఘకాల శిక్షణ ఎట్లుండవలెనో చెప్పుమని మమ్ము కోరితిరి. ఈ సభలో అన్ని మతములవారును ఉన్నారు. ఇది మా ప్రార్థన మందిరమునకు మాత్రమే చెందిన విషయము కదాయని మొదట తలచితిమి. ఆలోచింపగా, బళ్లారిలో తరతరములుగా కాపురమున్న ప్రతి తెలుగు కుటుంబమునకును ఈ ప్రశ్న ఎదురగుచున్నదని తోచినది. మన తరువాత ఈ బరువు ఎవరు మోయుదురు?

ఒక సంగతి దాచక చెప్పెదము. కొంతకాలము క్రిందట మా సంఘమున ఒక వృద్ధుడగు పెద్ద కాలము చేసెను. ఎన్నో సంవత్సరములుగా ఆదివారమున తెలుగు బైబిలు చదివినది ఆయనయే. రోగుల యిండ్లకు వెళ్లినది ఆయనయే. చందాల లెక్క వ్రాసినదియు ఆయనయే. సమాధి యొద్ద ఆయన పుస్తకమునే ఒక యువకుని చేతికిచ్చి, 'చదువు నాయనా' అంటిమి. ఆ పిల్లవాడు ఇంట చక్కని తెలుగు మాటలాడును గాని, చదివినది కన్నడ బడిలో. పుట తెరచి, తల వంచుకొని నిలిచెను. కడకు ఒక అవ్వ తనకు కంఠస్థమైన భాగమును చెప్పగా ఆ కార్యము ముగిసెను.

ఆనాడు మేము ఆ యువకుని తప్పు పట్టలేదు. చిన్ననాటి నుండి అతడు మా యెదుటనే కూర్చుండెను. ఒక్కనాడైనను ఆ పుస్తకమును అతని చేతికి ఇయ్యనివారము మేమే.

అంతవరకు మేము శిక్షణ ఇయ్యలేదా? ఇచ్చితిమి. రెండు దినముల శిబిరములు జరిపితిమి. దూరము నుండి ఉపన్యాసకులను పిలిచితిమి, భోజనములు పెట్టితిమి, కాగితపు యోగ్యతాపత్రములు పంచితిమి. మూడవనాడు ఆ యువకులలో ఎవనికిని ఏ పనియు అప్పగింపలేదు. ఈ ఊరిలో జీన్సు దుస్తులు కుట్టు పనివానిని అడుగుడు. మిషను ముందు కూర్చున్నవాడు ఉపన్యాసము విని కుట్టుట నేర్చెనా? పని తెలిసినవాని ప్రక్కన నెలల తరబడి కూర్చుండి, గుడ్డ పాడుచేసి, మాట పడి, మరల కుట్టి నేర్చెను. మనుష్యుని తీర్చుట గుడ్డ కుట్టుటకంటె సులభము కాదు గదా!

క్రీస్తు ప్రభువు పన్నిద్దరిని ఏర్పరచుకొన్నప్పుడు, వారు తనతో కూడ ఉండుట మొదటి ఉద్దేశమనియు, ప్రకటించుటకు పంపుట తరువాతిదనియు మార్కు సువార్త చెప్పుచున్నది. వారు ఆయనతో నడచిరి, భుజించిరి, తప్పులు చేసిరి, చీవాట్లు తినిరి. పౌలు తిమోతికి వ్రాసిన రెండవ పత్రికను చూడుడు. తాను నేర్పినదానిని నమ్మకమైన మనుష్యులకు అప్పగింపుమనెను. వారు ఇతరులకు నేర్పగలవారై యుండవలెననెను. పౌలు, తిమోతి, నమ్మకమైనవారు, ఆ పిమ్మటివారు. ఒక్క ఆజ్ఞలో నాలుగు అంచెలు ఇమిడియున్నవి. ఆ తిమోతి విశ్వాసము మొదట అవ్వయైన లోయి యందును, తల్లియైన యునీకే యందును ఉండినదనియు ఆ పత్రికయే చెప్పుచున్నది. కనుక పురుషుల శిక్షణ అనినను దాని మొదటి బడి ఇల్లే, మొదటి భాష తల్లి భాషయే.

మన తెలుగు దేశపు చరిత్రయు ఇదే చెప్పుచున్నది. ఒంగోలు ప్రాంతమున తాళ్లకొండపాడు గ్రామవాసి, తోళ్ల వ్యాపారి, యెర్రగుంట్ల పేరయ్య 1866లో భార్య నాగమ్మతో కూడ బాప్తిస్మము పొందెను. అతడు తన బంధువర్గపు పల్లెలలో తిరిగి చెప్పిన మాట వలననే అచ్చట గొప్ప ఉద్యమము పుట్టెను. 1876 నుండి 1878 వరకు దక్షిణ దేశమును క్షోభపెట్టిన ధాత కరువును మన బళ్లారి పెద్దలును తరతరములు చెప్పుకొనిరి. ఆ కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాము కాలువలో మూడు మైళ్లకు మించిన భాగమును కంట్రాక్టుకు తీసికొని, ఆకలిగొన్నవారికి కూలి దొరకునట్లు చేసెను. తెలుగు బోధకులే కూలి గుంపులకు మేస్త్రీలైరి. పగలు లెక్కయు కొలతయు చూచిరి, పని నిలిచిన వేళ బోధించిరి. అన్నము కొరకు మతములో చేరిరను మాట రాకుండునట్లు, సహాయము సాగినంతకాలము బాప్తిస్మములు నిలిపివేసిరి. కరువు తీరిన పిమ్మట 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ నదిలో, వెల్లంపల్లి యొద్ద, ఒక్క దినమున 2222 మందికి బాప్తిస్మమిచ్చిరి. ఆ పని చేసినది ఆరుగురు బోధకులు. ఒక్కసారికి ఇద్దరు చొప్పున నీటిలో నిలిచి, వంతులవారీగా జరిపిరి.

ఈ 2222 అను సంఖ్య లోకమంతట ప్రసిద్ధమైనది. ఆ ఆరుగురిని గూర్చి తలచువారు తక్కువ. వారు ఆ యుదయమున తయారైనవారు కారు. అంతకు పూర్వమే సంవత్సరముల తరబడి పల్లెలు తిరిగి, కరువులో జనుల కష్టము మోసినవారు. బోధకుల శిక్షణ కొరకు రామాపట్నమున 1872లోనే వేదాంత పాఠశాల ప్రారంభమైనది. బాప్తిస్మము ఒక దినపు కార్యము. బాప్తిస్మము పొందినవానిని నిలువబెట్టువాడు తయారగుటకు ఎన్నో యేండ్లు పట్టును.

రెండవ దృష్టాంతము దోర్నకల్లు. వేదనాయగం శామ్యూల్ అజరయ్య తిరునెల్వేలి సీమకు చెందిన తమిళుడు. తెలుగు నేర్చి, 1909లో దోర్నకల్లున కాపురముండి, 1912 డిసెంబరు 29న బిషప్పుగా అభిషేకము పొందెను. ఆంగ్లికన్ సంఘమున భారతీయుడు బిషప్పగుట అదియే ప్రథమము. భారతీయునికి అట్టి పదవి ఇచ్చుట తగదని నాడు శంకించినవారు పలువురు. ఆయన 1945 జనవరి 1న మరణించువరకు దోర్నకల్లునే సేవ చేసెను. గ్రామోపాధ్యాయుల శిక్షణయే ఆ సేవకు వెన్నెముక. భర్తతో పాటు భార్యకును పాఠములు చెప్పించెను. ఇల్లు కలసిరాని నాయకత్వము వీధిలో నిలువదని ఆయన యెరిగెను. శంకించినవారి మాటయే నెగ్గియుండిన, ఆ ముప్పదిరెండేండ్ల పని యుండెడిది కాదు. నమ్మి అప్పగించుట కూడ శిక్షణలో భాగమే.

ఇక మన బళ్లారి. 1810లో లండను మిషను పక్షమున జాన్ హ్యాండ్స్ ఇచ్చటికి వచ్చి, కన్నడము నేర్చి, బైబిలును కన్నడమునకు తెచ్చు పనిలో ఏండ్ల తరబడి శ్రమించెను. రెండు భాషలు కలసి బ్రదుకు ఊరు ఇది. మతముతో నిమిత్తము లేని దృష్టాంతము కూడ ఒకటి కలదు. బళ్లారి రాఘవ తన మేనమామ ధర్మవరము రామకృష్ణమాచార్యుల నీడన నాటకకళలో పెరిగినవాడు. మేనమామ ఊరక పొగడి విడువక, రంగము మీద నిలువనిచ్చెను.

1953లో ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్ర రాష్ట్రమున చేరెను. బళ్లారి తాలూకా మైసూరున చేరెను. కన్నడము మన ఊరి భాష, మన పిల్లల అన్నము పెట్టు భాష. దానిపై మనకు ద్వేషము లేదు, ఉండరాదు. అయినను, అవ్వ చెప్పిన ప్రార్థనను మనుమడు చదువలేనినాడు ఆ యింట నాయకత్వపు త్రాడు తెగినట్లే. కన్నడ లిపియు తెలుగు లిపియు అక్కచెల్లెండ్రు. కన్నడము చదువగల బాలుడు కొద్ది వారములలో తెలుగు అక్షరములు పట్టగలడు. ఇంత సులభమైన పనిని చేయకపోయినచో ఆ దోషము ఎవరిది?

కావున మేము ఇట్లు చేయ నిశ్చయించితిమి. మాలో ప్రతి పెద్దయు ఇద్దరు యువకులను మూడు సంవత్సరములు వెంటబెట్టుకొనవలెను. మొదటి యేట తెలుగు చదువుటయు, ప్రతి వారము పదిమంది యెదుట బిగ్గరగా పఠించుటయు. రోగుల యింటికి పెద్దతో కూడ వెళ్లి, ఎప్పుడు మాటలాడవలెనో, ఎప్పుడు ఊరకుండవలెనో చూచి నేర్చుట. రెండవ యేట చందా పుస్తకము వారి చేతికి. లెక్క తప్పినచో నలుగురిలో అవమానింపక, ప్రక్కన కూర్చుండి దిద్దవలెను. మూడవ యేట సభ నడుపుటయు, తగవు వినుటయు వారి పని. పెద్ద వెనుక వరుసలో కూర్చుండును. ఆ యేడు ముగియులోగా ప్రతి యువకుడును తనకంటె చిన్నవానిని ఒకనిని చేపట్టవలెను.

ఇందు కష్టతరమైన భాగము యువకులది కాదు, మాది. పెట్టె తాళపుచెవి మొలనుండి విప్పి ఇచ్చుట వృద్ధాప్యమున మహాకష్టము. 'వాడికింకా తెలియదు' అనుమాట మా నోట ఎంత సులభముగా వచ్చునో మాకు తెలియును. తెలియనిచ్చినవారము మేము కాము గనుక వానికి తెలియలేదు.

దేవాలయ ధర్మకర్తలగు సోదరులకును, భజన సమాజములవారికిని, ఈ సంఘపు కార్యవర్గమునకును ఇదియే మా విన్నపము. మీ మీ ఆచారములలో ఇట్టి మార్గమునే ఆరంభింపుడు.

నాడు సమాధి యొద్ద తల వంచుకొని నిలిచిన ఆ యువకుడు ఇప్పుడు మాలో ఒకని వెంట తిరుగుచున్నాడు. గడచిన ఆదివారమున ఒక అధ్యాయమంతయు చదివెను. మూడుచోట్ల తడబడెను. ఎవరును నవ్వలేదు. పుస్తకము మూసి, తనకు తానే, 'వచ్చే వారము కూడ నేనే చదివెదను' అనెను. మేము సరే అంటిమి.