శుక్లము ముదరవలెనా?

నారాయణఖేడ్ ప్రాంతపు పల్లెలలో కంటి శుక్లమును మోతిబిందు అందురు. తెలుగు, కన్నడము, మరాఠీ, ఉర్దూ, లంబాడీ ఒకే అంగడిలో వినవచ్చు ఆ సరిహద్దు సీమలో ఈ పేరు అందరికిని తెలిసినదే. పేరుతోపాటు మరియొక మాటయు అందరి నోట నున్నది. అది "ముదరాలె" అనుట. చూపు మందగించిన వృద్ధురాలిని "అవ్వా, ఎన్నేండ్ల సంది మసక?" అని అడిగినచో, "మూడేండ్లాయె సారూ, ఇంక ముదరలేదని ఆగిన" అని సమాధానము వచ్చును. కంటివైద్యము వృత్తిగా గల మావంటివారు ఈ సమాధానమును విన్నన్ని సార్లు మరి దేనిని విని యుండరు. కావున ఈ ప్రసంగమున ముఖ్యముగా ఆ యొక్క మాటను గురించియే ముచ్చటింపదలచితిమి.

కంటిపాప వెనుక పెద్ద శనగగింజంత కటకము ఒకటి కలదు. అది పుట్టుకతో గాజువలె నిర్మలముగా నుండి, వెలుతురును కంటి లోపలి పొరపై కేంద్రీకరించును. వయస్సు పైబడిన కొలది అందలి మాంసకృత్తులు చెడి కటకము మసకబారును. ఇదియే శుక్లము. మధుమేహము గలవారికిని, కంటికి దెబ్బ తగిలినవారికిని, స్టెరాయిడ్ మందులు చిరకాలము వాడినవారికిని, పొగ త్రాగువారికిని ఇది ముందుగా వచ్చుట కద్దు. ఉడికిన గ్రుడ్డులోని తెల్లసొన మరల నీరు కానట్లే, మసకబారిన కటకము చుక్కల మందులకు గాని ఆకుపసరులకు గాని తేరుకొనదు. దానిని తీసివేయుట యొక్కటే మార్గము.

అయితే, ముదరవలెనని పెద్దలు ఊరక చెప్పలేదు. ఆ మాటకు ఒకప్పుడు మంచి కారణమే యుండెను. సుశ్రుతసంహితలో వర్ణింపబడిన పద్ధతిలో మసకబారిన కటకమును శలాకతో ప్రక్కకు నెట్టెడివారు. దానిని కంటి నుండి వెలికి తీయు పద్ధతిని ఫ్రాన్సు దేశపు వైద్యుడు జాక్ డావియెల్ 1747లో ఆరంభించెను. తరువాత బహుకాలము కటకమును గూటితో సహా తీసివేసి, రోగికి దళసరి అద్దాలు ఇచ్చుట ఆచారమయ్యెను. ఆ అద్దాలలో వస్తువులు ఉన్నదానికంటె పెద్దవిగా కనిపించును. ఒక కంటికి శస్త్రచికిత్స జరిగి, రెండవ కన్ను ఇంకను బాగుగానే చూచుచున్నచో, రెండు కండ్లకును బొమ్మలు రెండు పరిమాణములలో కనబడి మనిషికి అడుగు తీసి అడుగు వేయుట కష్టమగును. అందుచేత చూపు బాగుగా తగ్గిపోవువరకు ఆగుడని వైద్యులే చెప్పెడివారు. మన అవ్వలు, తాతలు ఆ మాటను నమ్మకముగా నిలుపుకొన్నారు. వైద్యము మారినది గాని మాట మారలేదు.

మార్పునకు మూలమైన సంగతి విచిత్రమైనది. రెండవ ప్రపంచయుద్ధమున బ్రిటిషు విమానచోదకుల కండ్లలో విమానపు పైకప్పు ముక్కలు గ్రుచ్చుకొనెను. ఆ ప్లాస్టిక్ ముక్కలను కన్ను అన్యపదార్థముగా తిరస్కరింపకుండుట హెరాల్డ్ రిడ్లీ అను వైద్యుడు గమనించెను. ఆ పదార్థముతోనే కటకము చేయించి, 1949 నవంబరు 29న లండనులోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఒక రోగి కంటిలో అమర్చెను. తోడి వైద్యులు ఆయనను చాలకాలము ఆక్షేపించిరి. నేడు కృత్రిమ కటకము లేని శుక్ల చికిత్స అరుదు. మన దేశమున మొదట అవి విదేశముల నుండి వచ్చుచు, పేదలకు అందని ధర పలికెడివి. మధురైలో 1992లో ఆరోల్యాబ్ స్థాపింపబడి, వానిని ఇచ్చటనే చౌకగా తయారుచేయుట మొదలిడిన తరువాత ధర్మాసుపత్రులలో సైతము అవి సాధారణమయ్యెను.

కటకపు గూటిని నిలిపి, లోపలి మసకను మాత్రము తీసి, ఆ గూటిలోనే క్రొత్త కటకము ఉంచు ఈ పద్ధతికి ముదరుటతో పని లేదు. నిత్యకృత్యములకు చూపు అడ్డు వచ్చుచున్నదా లేదా యనునదే ప్రశ్న. బియ్యములో రాళ్లు కనిపించుట లేదా? బస్సు బోర్డు, ఎదుటి మనిషి ముఖము ఆనవాలు తగులుట లేదా? దీపపు వెలుగు చుట్టును చెదరుచున్నదా? అంతమాత్రము చాలును, వైద్యుని చూడవలెను. ముదరనిచ్చినచో మేలు లేకపోగా కీడు గలదు. కటకము రాయివలె గట్టిపడి, శస్త్రచికిత్స కష్టతరమగును. మరింత ముదిరినచో కటకము ఉబ్బి గాని, అందలి ద్రవము బయటికి కారి గాని, కంటిలో ఒత్తిడి పెరుగును. కన్ను ఎఱ్ఱబడి, భరింపరాని నొప్పి పుట్టి, చూపునరము చచ్చును. ఆ మీదట శుక్లము తీసినను చూపు రాదు. శుక్లము వలని అంధత్వము తిరిగి పోగొట్టదగినది. ఆలస్యము వలని ఈ అంధత్వము పోగొట్టరానిది.

1976లో అంధత్వ నివారణకు జాతీయ కార్యక్రమము ఆరంభమైనది. అయినను 2015 మొదలు 2019 వరకు దేశమున జరిగిన సర్వేలో, యాభై యేండ్లు దాటిన అంధులలో నూటికి 66 మందికి కారణము శుక్లమే యని తేలినది. తెలంగాణమున 2018 ఆగస్టు 15న, నాటి మెదక్ జిల్లా మల్కాపూర్ గ్రామమున, కంటివెలుగు కార్యక్రమము ప్రారంభమై, ఆ విడతలో సుమారు కోటి యాభై లక్షల మందికి పరీక్షలు జరిగెను. 2023 జనవరిలో రెండవ విడత మొదలై, అదే సంవత్సరమున ముగిసినది. పరీక్ష ఇంటి దాపునకు వచ్చెను, అద్దాలు వచ్చెను. ఇది సామాన్యమైన మేలు కాదు. కాని శస్త్రచికిత్స అవసరమని వ్రాసి యిచ్చిన చీటి పట్టుకొని ప్రయాణము చేయవలసినది మాత్రము రోగియే. ఆ చీటి పెట్టె అడుగున ఉండిపోవుట మేము ఎరుగుదుము.

నారాయణఖేడ్‌కు ఈ ప్రయాణపు ఇబ్బంది పాతది. 1956 వరకు ఇది బీదర్ జిల్లాలోని తాలూకా. తరువాత మెదక్ జిల్లాలో చేరి, 2016 నుండి సంగారెడ్డి జిల్లాలో నున్నది. జిల్లా ఏదైనను అది అంచుననే యున్నది. హైదరాబాదు వంద కిలోమీటర్లకు పైబడిన దూరము. మెహదీపట్నములోని సరోజినీదేవి కంటి ఆసుపత్రికి పోవలెనన్న, ముసలివారికి తోడుగా ఇంకొకరు కూలి మానుకొని రావలెను. దూరము తగ్గింపరానిదేమియు కాదు. మహారాష్ట్ర సరిహద్దుననే యున్న ముథోల్‌లో 1996లో ఎల్.వి. ప్రసాద్ నేత్ర సంస్థ గ్రామీణ కేంద్రము నెలకొల్పి, అంచు ప్రాంతమున శస్త్రచికిత్స జరుపవచ్చునని చూపినది.

ఈ సీమకు ప్రత్యేకమైన మరియొక చిక్కు కలదు. ఇచ్చటి తండాలలోని వయస్సు వారు చాలమంది దసరా దీపావళుల తరువాత చెరకు నరుకుటకు వలస పోయి, వేసవి ముఖమున గాని తిరిగిరారు. ఇంట ముసలివారు, పసివారు మిగులుదురు. శుక్లము చలికాలముననే తీయించవలెనను నమ్మకము కూడ ఇచ్చటనే బలముగా నున్నది. అనగా, మంచిదని యెంచు కాలమున తీసికొనిపోవువారు ఊర లేరు. వారు ఊర నున్నప్పుడు ఎండ యనియో వాన యనియో కాలము మంచిది కాదు. ఇట్లు ఏడు తరువాత ఏడు గడచిపోవును. నిజమునకు చలికాలపు నియమము కూడ పాతకాలపుదే. పరిశుభ్రమైన శస్త్రచికిత్సాగారము, మంచి మందులు ఉన్నచో ఏ నెల యైనను ఒకటే. వలస పోవువారు పోకమునుపు, అనగా వర్షాకాలమున, తల్లికో అత్తకో ఒక కన్ను చేయించి పోవుట మా దృష్టిలో అన్నిటికంటె మేలు. చూపు మందగించిన ఆ అవ్వయే గదా వారి బిడ్డలను ఆరు నెలలు కాచునది! మగవారి కన్ను అయిన తరువాత ఆడవారి కన్ను చూతమనుట కూడ పెక్కు ఇండ్లలో కద్దు. ఈ వరుస ఎవరు ఏర్పరచిరో తెలియదు గాని, పొయ్యి ముందు చీకటిలో తడవులాడునది ఆమెయే.

భయమును గురించి రెండు మాటలు. ముందుగా రక్తములో చక్కెర, రక్తపోటు చూతురు. అమర్చవలసిన కటకము శక్తిని యంత్రముతో కొలుతురు. స్పృహ తప్పింపరు. కంటిప్రక్క సూదియో, చుక్కల మందో వేసి తిమ్మిరి యెక్కింతురు. పని సాధారణముగా పావుగంట, ఇరువది నిమిషములలో ముగియును. పెక్కురికి కుట్లుండవు. ఒక కన్ను కుదుటబడిన తరువాత రెండవదానికి పూనుకొందురు. ఇదివరలో వాడు మందుల చీటి తప్పక వెంట తీసికొనిపోవలెను.

చూపు తగ్గినదెల్ల శుక్లమనుకొనరాదు. నీటికాసులు అను వ్యాధిలో నొప్పి లేకుండగనే చూపు అంచుల నుండి హరించుకొనిపోవును, పోయినది రాదు. మధుమేహము కంటి లోపలి పొరను తినివేయును; కావున చక్కెర వ్యాధి గలవారు చూపు బాగున్నను ఏటేట పరీక్ష చేయించుకొనవలెను. జొన్నకోతలోను కందికోతలోను కంట గీత పడినచో పసరు పిండుట, నాలుకతో నలుసు తీయించుట పుండునకు దారితీయును.

శస్త్రచికిత్స చేయించుకొన్న అవ్వలు మమ్ము తరచుగ అడుగు ప్రశ్నలు కొన్ని గలవు. పొయ్యి దగ్గర ఎప్పటి నుండి కూర్చుండవచ్చును? పొగ తగులకుండ కొన్నాళ్లు దూరముగ నుండుట మంచిది. తలకు నీళ్లు? కంటిలో నీరు పడకుండ వైద్యుడు చెప్పువరకు ఆగవలెను. చుక్కల మందు ఎన్నాళ్లు? సాధారణముగ నాలుగు నుండి ఆరు వారములు, చేతులు కడుగుకొని. మనుమడు ఒడిలోకి వచ్చి కంటిమీద చేయి వేసినచో? అందుకే రాత్రివేళ కంటికి కప్పు పెట్టుకొనుమందుము. ఇక వారు అడుగకున్నను మేము చెప్పునది ఒకటి కలదు. కన్ను ఎఱ్ఱబడినను, నొప్పి పెరిగినను, వచ్చిన చూపు తగ్గినను, మరునాటి వరకు గాని, అంగడిరోజు వరకు గాని ఆగక, ఆ పూటనే దొరికిన బండి పట్టుకొని ఆసుపత్రికి రావలెను.