అరచేతి కింద టార్చిలైటు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మైకులో మాట్లాడడం కంటే మైకు రిపేరు చేయడం నాకు తేలిక. ముప్పై ఏళ్లుగా కొలత పరికరాలు బాగుచేసుకుంటూ బతుకుతున్నవాణ్ని. కాంతితో, మైక్రోవేవ్‌తో కొలిచే కొత్త యంత్రాల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు కార్యదర్శి గారు. కొత్త సంగతి కాదు గానీ, మన హాస్టల్ సంగతితోనే మొదలుపెడతాను.

మా రోజుల్లో హాస్టల్లో కరెంటు పోవడం వార్త కాదు, ఉండడం వార్త. చీకటి పడ్డాక వార్డెన్ గారి టార్చి కాజేసి, అరచేతి కింద పెట్టి వెలిగించేవాళ్లం. వేళ్లు నిప్పు కణికల్లా ఎర్రగా మెరిసేవి. దెయ్యమని చిన్న క్లాసుల వాళ్లను భయపెట్టేవాళ్లం. ఒక రాత్రి సైన్సు మాస్టారికి దొరికిపోయాం. బెత్తం పడుతుందనుకున్నాం. ఆయన టార్చి లాక్కుని తన చెయ్యి పెట్టి చూసుకుని, “తెల్ల వెలుగు లోపలికెళ్లింది, ఎర్రది బయటికొచ్చింది. మిగతా రంగులు ఎక్కడికి పోయాయిరా?” అన్నారు. జవాబు చెప్పకుండానే టార్చి పట్టుకుని వెళ్లిపోయారు.

ఆ జవాబు నాకు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో దొరికింది. అక్కడి సైన్సు కళాశాలకు జయపురం మహారాజు విక్రమదేవ వర్మ పేరు పెట్టారు. ఏడాదికి లక్ష రూపాయల చొప్పున ఆయన విరాళం ఇచ్చారు. జయపురం సంస్థానం ఎక్కడో లేదు, ఈ కొండల ఆవలి వైపే. అంటే ఆ ప్రయోగశాలల ఇటుకల్లో కొండల సొమ్ము కూడా ఉంది. ఈ మాట విశాఖలో ఎవరూ గుర్తుచెయ్యరు, అందుకని నేను చెబుతున్నాను. కొచ్చెర్లకోట రంగధామరావు గారు స్పెక్ట్రోస్కోపీ పరిశోధనను నిలబెట్టింది ఆ విశ్వవిద్యాలయంలోనే. ఏ పదార్థం ఏ రంగును మింగుతుందో చూసి ఆ పదార్థమేమిటో చెప్పే విద్య అది. రక్తం మిగతా రంగులను చాలావరకు మింగేసి ఎరుపును వదిలేస్తుంది. మాస్టారి ప్రశ్నకు జవాబు అంతే.

మరో మాట. సెమీకండక్టర్ అంటే అమెరికా, తైవాన్ అనుకుంటాం. జగదీశ్ చంద్ర బోస్ గారు గలీనా అనే సీసపు ఖనిజం ముక్కతో తరంగాలను పసిగట్టే సాధనం తయారుచేశారు. దానికి 1904లో అమెరికా పేటెంటు వచ్చింది. ఆ ఒక్క స్ఫటికమే రేడియో తరంగాన్నీ పట్టింది, కాంతినీ పట్టింది. ఈ రోజు నేను చెప్పబోయే రెండు యంత్రాలకూ అది ముత్తాత వంటిది.

మొదటిది మీ అందరికీ కోవిడ్ రోజుల్లో పరిచయమైన క్లిప్పు, పల్స్ ఆక్సిమీటర్. అది మన టార్చి ఆటే. వేలికి ఒక వైపు రెండు ఎల్‌ఈడీలు ఉంటాయి. ఒకటి 660 నానోమీటర్ల ఎరుపు, రెండోది కంటికి కనబడని 940 నానోమీటర్ల పరారుణం. రెండో వైపు సిలికాన్ ఫోటోడయోడ్. ఆక్సిజన్ తగ్గిన రక్తం ఎరుపును ఎక్కువ మింగుతుంది, ఆక్సిజన్ నిండిన రక్తం పరారుణాన్ని ఎక్కువ మింగుతుంది. అయితే వేలిలో రక్తం ఒక్కటే లేదు, ఎముక ఉంది, చర్మం ఉంది. దాన్ని విడదీసిన ఉపాయం జపాన్ ఇంజినీరు తకువో అయోయాగిది. ఆయన 1970ల మొదట్లో వేరే కొలత కోసం తంటాలు పడుతుంటే నాడి కొట్టుకోవడం అడ్డొచ్చింది. ఆ అడ్డునే కొలతగా మార్చుకున్నారు. నాడితో పాటు పెరిగి తగ్గే వెలుగును మాత్రమే లెక్కలోకి తీసుకుంటే మిగిలేది ధమనిలో రక్తమే. నాకు ఈ వృత్తిలో ఇంతకంటే నచ్చిన ఉపాయం లేదు.

అంత నచ్చింది కాబట్టే 2021 మే నెలలో పొరపాటు చేశాను.

మా మావకు జ్వరం, ఆయాసం. ఊరికి రోడ్డు లేదు. సిగ్నల్ కోసం ఆశా కార్యకర్త గట్టెక్కి ఫోన్ చేసింది. నంబరెంత అన్నాను. 95 అంది. “ఫర్వాలేదమ్మా, ఇంట్లోనే ఉంచండి,” అన్నాను. ఇంజినీరుని కదా! ఆమె కాసేపు ఆగి, “నంబరు బాగానే ఉందన్నా. కానీ మావ నిమిషానికి 32 సార్లు ఊపిరి తీస్తన్నాడు. మాట మధ్యలో ఆగిపోతన్నాడు. నేను డోలీ కట్టించేస్తాను,” అంది. కట్టించేసింది కూడా. ఆసుపత్రిలో ధమని రక్తం తీసి పరీక్షిస్తే 86. నా మాట విని ఉంటే ఆ రాత్రి గడిచేది కాదు. మావ అదిగో మూడో వరుసలో ఉన్నాడు, బీడీ మాత్రం మానలేదు. ఆశా కార్యకర్త కూడా వచ్చింది. నేనిక్కడ నిలబడి చెప్పాల్సింది ఆమె ముందే చెప్పాలనుకున్నాను.

ఆ క్లిప్పులో నంబరు ఎలా పుడుతుందో నాకు తెలుసు. ఆరోగ్యవంతులైన కొందరికి తక్కువ ఆక్సిజన్ ఉన్న గాలి ఇచ్చి, వాళ్ల రక్తం పరీక్షించి, క్లిప్పు రీడింగుతో పోల్చి ఒక పట్టిక తయారుచేస్తారు. మన వేలు చూపించే నంబరు ఆ పట్టికలోదే. అమెరికాలో చాలాకాలం ఇందుకు పది మంది చాలన్నారు. అందులో ఇద్దరి చర్మమైనా నల్లగా ఉంటే సరిపోయేది. 2020 డిసెంబరులో మిషిగన్ వైద్యులు ఒక లెక్క ప్రకటించారు. క్లిప్పు 92 నుంచి 96 చూపిస్తుండగా అసలు రక్తంలో 88 కంటే తక్కువున్న సందర్భాలు తెల్లవారిలో 3.6 శాతం, నల్లవారిలో 11.7 శాతం. 2025 జనవరిలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ముసాయిదాలో ఆ పది మందిని 150కి పెంచమంది.

మా మావ విషయంలో తేడా చర్మం రంగు వల్లే వచ్చిందని ప్రమాణం చేయలేను. వేళ్లు చల్లగా ఉండొచ్చు, పార పట్టి కాయలు కాచిన వేళ్లు కావచ్చు, క్లిప్పు నాసిరకం కావచ్చు. నేను అడగాల్సిన ప్రశ్న ఒక్కటే, ఈ పట్టిక ఎవరి వేళ్ల మీద రాశారు అని. దాన్ని అడగలేదు. మన ఏజెన్సీలో సికిల్ సెల్ ఉన్న పిల్లలున్నారు. వాళ్లలోనూ ఈ నంబరు తప్పు చూపొచ్చు. క్లిప్పు పారేయమనడం లేదు. పెట్టండి, కానీ గడియారం చూసి ఊపిరి కూడా లెక్కపెట్టండి.

రెండో యంత్రం విశాఖ కైలాసగిరి మీద ఉంది, వాతావరణ శాఖ డాప్లర్ రాడార్. సుమారు పది సెంటీమీటర్ల మైక్రోవేవ్‌ను విసిరి, వాన చినుకుల మీద తగిలి తిరిగొచ్చినదాన్ని బట్టి వాన ఎంత, గాలి ఎటు అని చెబుతుంది. తుపానుకి అది కన్ను. కానీ అక్కడినుంచి అరకుకు తిన్నగా గీత గీస్తే సుమారు 80 కిలోమీటర్లు. అర డిగ్రీ ఎత్తి పంపిన కిరణం ఇక్కడికి చేరేసరికి, భూమి వంపు కూడా కలిపితే, సముద్ర మట్టానికి సుమారు 1,200 మీటర్ల ఎత్తులో ఉంటుందని నా లెక్క. గాలికొండ వరుస దానికంటే ఎత్తు. ఇంకా పైకెత్తి పంపితే కొండ దాటుతుంది గానీ మబ్బు నెత్తి కనబడుతుంది, మన పొలంలో పడే వాన కాదు. రాడార్ తప్పు లేదు, అది నిలబడ్డ చోటినుంచే చూస్తుంది. అందుకే రాడార్ అంచనాను నేలమీద వర్షమాపకాల లెక్కతో సరిచూసుకుంటారు. వర్షమాపకం లేని లోయలో సరిచూసేది దేనితో?

ఇక్కడ నా దగ్గర ఒక పెట్టె ఉంది. అందులో ఒక వర్షమాపకం, కొలత గ్లాసు, రెండు వందల పేజీల నోటుబుక్కు ఉన్నాయి. హెడ్మాస్టారి అనుమతితో నిన్న సాయంత్రం వాలీబాల్ కోర్టు పక్కన, చెట్లకు దూరంగా దిమ్మ కట్టించాం. సిమెంటు ఇంకా పచ్చిగానే ఉంది, దాని మీద కూర్చోకండి. దేశమంతా రోజువారీ వాన లెక్క తీసేది ఉదయం ఎనిమిదిన్నరకు. తొమ్మిదో తరగతి పిల్లలు వంతులు వేసుకున్నారు. మొదటి పేజీలో తారీకు రాసి ఉంచాను, పక్క గడి ఖాళీగా ఉంది. రేపు సోమవారం, వంతు ఎవరిదో నోటీసు బోర్డులో చూసుకోండి.