తాడు పట్టే తమ్ముడు

మన మన్ననూరు దాటితే నల్లమల. అక్కడి చెంచులు తేనె కోసం తాడు కట్టుకుని కొండచరియల మీద నుంచి దిగుతారు. పైన ఆ తాడు పట్టే పని బావమరిదికే అప్పగిస్తారని చెబుతారు. అక్క పసుపుకుంకుమలు పోనివ్వడని ధీమా!

కథలో తోబుట్టువుల్ని రాసేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. 1962లో వచ్చిన 'రక్తసంబంధం'లో అన్నాచెల్లెళ్లుగా ఎన్టీఆర్, సావిత్రి అందరినీ ఏడిపించారు. ప్రతి కథకూ అంత కన్నీరు అక్కర్లేదు. తాడు పట్టిన తమ్ముడికి బావ మీద పాత కోపం ఉండనివ్వండి. నిరుడు తేనె పంపకంలో తేడా వచ్చిందనుకోండి. అక్క ఏమీ అనదు. తమ్ముడికి అంబలి పోసి, తాడు ముడిని తనే ఒకసారి లాగి చూస్తుంది. అతనికి చివుక్కుమంటుంది. "నా మీద నమ్మకం లేదా?" అని అడిగించకండి. "నిరుడు కట్టింది గూడ నేనే గదక్కా" అని విసుక్కోనివ్వండి.