చెల్లెలి వాటా ఎక్స్

 

పంపకాల లెక్క ఇవ్వగానే నేను ముందు భాగించేసేవాణ్ణి. "తొందరపడకురా, చిన్న వాటాను ఎక్స్ అనుకో" అనేవారు మా లెక్కల మాస్టారు. తెలియని రాశిని 12వ శతాబ్దంలో భాస్కరాచార్యులు 'యావత్తావత్' అన్నారనీ, అంటే 'ఎంతయితే అంత' అనీ చెప్పేవారు.

నాన్నగారు పోయాక 11 ఎకరాలు పంచుకోవలసి వచ్చింది. అప్పులు తీర్చిన అన్నయ్యకు 2 ఎకరాలు ఎక్కువ, నాకూ చెల్లెలికీ సమానం అంది అమ్మ. పెద్దమనుషులు 11ని మూడు భాగాలు చేసి, అన్నయ్య భాగానికి 2 కలిపారు. మొత్తం 13 అయింది! ఆ రెండూ చెల్లెలి భాగంలో తగ్గిద్దామన్నారు. అప్పుడు ఆమెకు మిగిలేది రెండెకరాలు కూడా కాదు. చెల్లెలు మాట్లాడలేదు.

నేను కాగితం తీసుకున్నాను. చెల్లెలిది ఎక్స్, నాదీ ఎక్స్, అన్నయ్యది ఎక్స్ ప్లస్ 2. కలిపితే మూడు ఎక్స్‌లు ప్లస్ 2, అది 11కి సమానం. ముందుగా ఆ 2 తీసేస్తే మూడు ఎక్స్‌లు 9, ఎక్స్ 3. మాకు చెరి మూడు, అన్నయ్యకు అయిదు. కూడి సరిచూశాం, 11. ముందుగా సరేనన్నది అన్నయ్యే.

ఎవరికి ఎక్కువ ఇవ్వాలో సమీకరణం చెప్పదు. అది అమ్మ చెప్పింది. ఆ మాట ఎవరి నోరూ కొట్టకుండా ఎలా నిలబెట్టాలో ఈ బడి నేర్పింది. సెలవు.