డిజిటల్ సాధనములు – విశ్వవిద్యాలయ విద్యార్థి



పూర్వము విశ్వవిద్యాలయ విద్యార్థి యొక గ్రంథమును చూడవలెనన్న పట్టణ గ్రంథాలయమునకు పోవలసి యుండెను. 2018లో జాతి కంకితమైన జాతీయ డిజిటల్ గ్రంథాలయము నేడు పల్లెలోని సెల్‌ఫోనునకే అందుచున్నది. ఇది గొప్ప మేలే. అయితే పుస్తకము చేతికి వచ్చుట వేరు, విద్య మనస్సున కెక్కుట వేరు.

2014లో అమెరికాలో మ్యూలర్, ఓపెన్‌హైమర్ అను పరిశోధకులు ఒక ప్రయోగమును ప్రకటించిరి. ఉపన్యాసము వినుచు లాప్‌టాప్‌పై వ్రాసికొన్న విద్యార్థులు వక్త మాటలను మక్కికి మక్కిగా ఎక్కించుకొనిరి. చేతితో వ్రాసినవారు అంత వేగము లేక సారమును ఏరుకొనిరి. భావమును గూర్చిన ప్రశ్నలకు వీరే మేలుగా జవాబిచ్చిరి. 2019లోను 2021లోను ఇతరులు ఆ ప్రయోగమును మరల జరుపగా అంతటి భేదము తేలలేదు. కావున దోషమంతయు యంత్రముపై మోపరాదు. ఆలోచింపక ఎత్తివ్రాసినచో కలముతో వ్రాసినను ఫలము లేదు.

2020లో కళాశాలలు మూతపడి పాఠములు ఫోనులద్వారా జరిగినపుడు, ఫోను లేని పేదబిడ్డలు వెనుకబడిరి. కనుక గ్రామ గ్రంథాలయమునకు రెండు పనులు కలవు. సాధనము లేనివారికి దాని నందించుట యొకటి. ఉన్నవారికి ప్రశాంతమైన తావునిచ్చి, చదివినదానిని మూసి సొంత మాటలలో వ్రాసికొను అలవాటు నేర్పుట రెండవది. ఇరువదియైదేండ్లు పుస్తకమును కాపాడిన సంస్థకు ఇకమీద విద్యార్థి ఏకాగ్రతను కాపాడుటయు కర్తవ్యమే.