తపాలాలో సాగిన చదరంగము

ఎదురెదురుగా కూర్చుండి ఆడు చదరంగము మనకందరకు పరిచితమే. ఇరువురి నడుమ సముద్రములున్నప్పుడు ఆట సాగుట ఎట్లు? ఒకడు తన ఎత్తును కార్డుపై వ్రాసి తపాలాలో వేయును. రెండవవాడు ఇంట బల్ల పరచుకొని, గ్రంథములు తిరుగవేసి, దినముల తరబడి యోచించి బదులు వ్రాయును. గ్రంథములు చూచుట ఇందు దోషము కాదు. కాని పెట్టెలో పడిన కార్డు మరల చేతికి రాదు.

ఇట్టి ఆటలలో మిక్కిలి ప్రసిద్ధమైనది, 1965లో ఆరంభమై 1968లో ముగిసిన అయిదవ ప్రపంచ తపాలా చదరంగపు పోటీలోనిది. తెల్లపావులతో ఆడినవాడు మాస్కో వాసి యాకోవ్ ఎస్ట్రిన్. నల్లపావులతో ఆడినవాడు అమెరికా వాసి హాన్స్ బెర్లినర్. ప్రారంభము ‘రెండు గుర్రముల రక్షణము’. 4వ ఎత్తుననే తెల్లగుర్రము ముందుకు దుమికి, నల్లరాజు చెంతనున్న బంటుపై కన్నువేసెను. ఎస్ట్రిన్ ఈ ప్రారంభముపై గ్రంథమే వ్రాసిన పండితుడు. అతనిని అతని యింటనే ఎదిరింప బెర్లినర్ సాహసించెను.

11వ ఎత్తునకు నల్లగుర్రము ఒకటి బలియైనది. మరుసటి ఎత్తున తెల్లశకటు ఒక బంటును కొట్టి రాజును బెదరించెను. నల్లరాజు ఒక గడి ప్రక్కకు జరిగెను. ఇక కోట కట్టుకొను హక్కు పోయినది.

14వ ఎత్తున తెల్ల ఏనుగు ఒకటి నల్లశకటు వాత నిలిచెను. మనమైనచో వెంటనే కొట్టియుందుము. అట్లు కొట్టినచో తెల్లమంత్రి ఆ శకటును కొట్టి రణమధ్యమునకు వచ్చును. బెర్లినర్ తొందరపడలేదు. మూలనున్న తన ఏనుగును ఒక గడి జరిపి తెల్లశకటును బెదరించెను. అది వెనుకకు తగ్గి, తన మంత్రి దారికే అడ్డముగా నిలిచెను. అప్పుడు గాని నల్లశకటు ఆ ఏనుగును కొట్టలేదు!

పిమ్మట పావులు రాలిపోయినవి. మంత్రులును పోయి, ఇరువురకు ఒక్కొక్క ఏనుగు, తెల్లవారికి 3 బంట్లు, నల్లవారికి 4 మిగిలెను. 42వ ఎత్తునకు బెర్లినర్ గెలిచెను. పోటీలో 16 ఆటలకు 12 గెలిచి, 4 సరిచేసుకొని, ఒక్కటియు ఓడక జగజ్జేత యయ్యెను. ఎస్ట్రిన్ కూడ ఏడవ పోటీలో అదే బిరుదమును పొందెను.

బెర్లినర్ దరిమిలా కంప్యూటరు శాస్త్రజ్ఞుడై, ఆటలాడు యంత్రములకు బుద్ధి గరపెను. నేడు అట్టి యంత్రము ఎత్తును క్షణములో చెప్పివేయును. అయినను, చేతికందినదానిని ఒక్క ఎత్తు ఆపి చూచిన ఆ మనుజుని ఓర్పు ముచ్చటగొలుపును. మీ ఇంటను చదరంగపు బల్ల యున్నచో, దూరముననున్న మిత్రునకు ఒక ఎత్తు వ్రాసి పంపి చూడుడు. బదులు వచ్చువరకు ఆట మీ మనస్సున సాగుచునే యుండును.